చెరసాలలో పాడిన పాట

రండి, మంట చుట్టూ సర్దుకుని కూచోండి. చిన్నోడా, ఆ పచ్చికట్టె పక్కకు లాగు, పొగకు పాప కళ్ళు మండుతున్నాయి. మార్గశిరం వచ్చిందంటే మన మదనపల్లె చలి ఎముకల్లోకి దిగుతుంది. శెనక్కాయలు నిప్పుల్లో వెయ్యండి. అవి కాలతా ఉంటాయి, మనం మాట్లాడుకుంటా ఉందాం.

పొద్దున పెద్దోడు నన్నొక మాట అడిగినాడు. ‘మ్యాట్రిక్స్’ అని ఏదో ఇంగ్లీషు సినిమా చూసినాడంట. మనం చూసే లోకమంతా ఎవరో అల్లిన మాయ, మనుషులంతా నిద్రలో ఉన్న ఖైదీలు, ఎవరో ఒకరు వచ్చి లేపితేగానీ ఆ సంగతి తెలీదు, ఇదీ కథ. ఇట్లాంటి ఊహ వాళ్ళకు యాడి నుంచి వచ్చింది తాతా అన్నాడు. ఒక్క మాటలో తేలేది కాదని అప్పుడు ఊరుకున్నాను. ఆ సినిమా 1999లో వచ్చింది. ఆ ఊహకు మాత్రం పద్దెనిమిది వందల ఏళ్ళ పైమాటే. దాని కోసం సంకెళ్ళలో చచ్చినవాళ్ళు ఉన్నారు, మంటల్లో కాలినవాళ్ళు ఉన్నారు. అది తిరిగి తిరిగి మన ఊరి గడప కూడా తొక్కింది.

ఇవన్నీ నాకెట్లా తెలుసంటారా? కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు అందించే ఉద్యోగం చేసినవాణ్ణి. బీరువాల వెనక వరసలో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ పాత పుస్తకాలు ఉండేవి, గట్టి అట్టలు, బంగారు అక్షరాలు. అడిగేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం పని లేనప్పుడు నిఘంటువు పక్కన పెట్టుకుని నేనే చదువుకున్నాను. అవి నా బతుకుతో పాటు నడిచినాయి. అందుకే ఇంత ఆశగా చెప్తున్నాను.

మొదట ఒక పాట సంగతి వినండి. ఇప్పటి టర్కీలో ఉర్ఫా అనే ఊరుంది. పాతకాలంలో దాని పేరు ఎడెస్సా. ఆ చుట్టుపక్కల, సిరియాక్ భాషలో, మూడో శతాబ్దంలో ఒక పుస్తకం పుట్టింది. ఏసు శిష్యుడు తోమా మన దేశానికి వచ్చిన కథ అది. తోమా వడ్రంగి. హిందూదేశానికి నేను పోనంటే పోనని మొండికేస్తే, ఏసు ప్రత్యక్షమై హబ్బాన్ అనే వర్తకుడికి ఆయన్ను బానిసగా అమ్మేస్తాడు. వర్తకుడు తెచ్చి గొండొఫారెస్ అనే రాజుకు అప్పజెప్తాడు. కోట కట్టమని రాజు డబ్బిస్తే తోమా అదంతా పేదోళ్ళకు పంచిపెట్టి, నీ కోట స్వర్గంలో కట్టినానంటాడు. ఆ రాజు ఒట్టి కల్పన కాదు. 19వ శతాబ్దంలో ఆఫ్ఘనిస్తాన్, పంజాబుల వైపు ఆయన పేరున్న నాణేలు భూమిలో నుంచి బయటపడినాయి.

తర్వాత తోమా మజ్దాయి అనే ఇంకో రాజు రాజ్యానికి పోతాడు. రాజు బంధువు ఒకాయన భార్య ఈయన మాటలు విని కాపురం మీద మనసు తీసేస్తుంది. ఇంకేముంది, తోమాను పట్టి జైల్లో వేస్తారు. తోటి ఖైదీలు ఆయన చుట్టూ చేరి, మా కోసం కూడా ప్రార్థన చెయ్యమంటారు. ప్రార్థన అయినాక ఆయన ఒక పాట ఎత్తుకుంటాడు. దాన్నే ముత్యం పాట అంటారు. ఆ పాట అంతకుముందే వేరుగా ఉండేదని, ఎవరో తెచ్చి ఈ కథలో పొదిగినారని పండితులు చాలామంది అనుకుంటారు. ఎవరు పొదిగినారో గానీ, ఆత్మ చెర గురించిన పాటను నిజమైన చెరసాలలో, సంకెళ్ళ మధ్య పెట్టినాడు చూడండి, ఆ మహానుభావుడికి దండం పెట్టాలి.

పాటలో కథ ఇది. తూర్పున ఒక రాజ్యం. రాజు, రాణి, ఇద్దరు కొడుకులు. పాడేది చిన్నవాడు. పసితనంలోనే తల్లిదండ్రులు వాడికి దారి బత్తెం కట్టి, ఒంటి మీది రత్నాల అంగీ విప్పించి, ఈజిప్టుకు పొమ్మంటారు. అక్కడ సముద్రం నడుమ బుసలు కొట్టే పాము దగ్గర ఒక ముత్యం ఉంది. దాన్ని తెస్తే అంగీ మళ్ళీ తొడుక్కోవచ్చు, అన్నతో కలిసి రాజ్యం ఏలొచ్చు. ఈ ఒప్పందం మరిచిపోకుండా వాడి గుండె మీద రాస్తారు.

పిల్లోడు మైషాన్ రేవు దాటి, బాబిలోను దాటి, ఈజిప్టు చేరి, పాముండే చోటికి దగ్గర్లోనే మకాం పెడతాడు. అది ఎప్పుడు నిద్రపోతుందా అని కాచుకుంటాడు. పరాయివాడని తెలిస్తే తన మీదికి పామును ఉసిగొల్పుతారని ఆ దేశపు బట్టలే కట్టుకుంటాడు. అయినా వాళ్ళు పసిగడతారు. కూడు పెడతారు. ఆ కూడు తిన్నాక తాను రాజు బిడ్డనని వాడికి గుర్తుండదు. ముత్యం గుర్తుండదు. వాళ్ళ రాజుకు ఊడిగం చేస్తాడు. తిన్న తిండి బరువుకు మొద్దునిద్రలో పడిపోతాడు.

ఇక్కడొక సంగతి గమనించండి. వాణ్ణి ఎవరూ కట్టెయ్యలేదు, ఎవరూ కొట్టలేదు. కట్టుకోను బట్ట దొరికింది, తినను కూడు దొరికింది, నిద్ర పట్టింది. చెర అంటే ఆ పాటలో అంతే.

సంగతి ఇంటికి తెలుస్తుంది. కొలువు కూడి ఉత్తరం రాస్తారు. దొరలంతా చేవ్రాళ్ళు పెడతారు, రాజు ముద్ర వేస్తాడు. నువ్వెవరివో, ఎందుకు పోయినావో, ఇప్పుడెవరి కింద పడి ఉన్నావో తలుచుకోమని దాని సారాంశం. ఆ ఉత్తరం గద్దలాగా ఎగిరొచ్చి వాడి పక్కన వాలి మాటగా మారుతుంది. ఆ చప్పుడుకు వాడు ఉలిక్కిపడి లేస్తాడు. ముద్ర విప్పి చదివితే, అందులో ఉన్నదీ తన గుండె మీద ఉన్నదీ ఒకటే. కొత్త మాట ఒక్కటి కూడా లేదు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోతుంది. తండ్రి పేరు, అన్న పేరు, తల్లి పేరు తలిచి పామును నిద్రపుచ్చుతాడు. ముత్యం తీసుకుంటాడు. మాసిన బట్టలు అక్కడే వదిలి ఇంటిదారి పడతాడు. లేపిన ఉత్తరమే ముందు వెలుగై దారి చూపుతుంది. దారిలో అంగీ ఎదురొస్తుంది. పసితనంలో విప్పింది కదా, అదెట్లా ఉంటుందో వాడికి జ్ఞాపకం లేదు. చూసేసరికి అద్దంలో తనను తానే చూసుకున్నట్టు ఉంటుంది. ఇద్దరుగా విడిపోయినారు, అయినా ఇద్దరూ ఒకటే. ఈ చోటు ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పూడుకుపోతుంది.

ఇట్లా ఆలోచించినవాళ్ళను గ్నోస్టిక్కులు అంటారు. పూజ వల్ల కాదు, పుణ్యం వల్ల కాదు, నువ్వెవరో నువ్వు తెలుసుకోవడం వల్లే విడుదల అని వాళ్ళ మాట. రెండో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బసిలైడెస్ ఉన్నాడు. వాలెంటినస్ అదే ఊళ్ళో చదువుకుని రోముకు పోయి పాఠం చెప్పినాడు. ఎంత పేరంటే, అక్కడ బిషప్పు అయ్యేవాడే, కొద్దిలో తప్పిపోయిందని గిట్టనివాళ్ళే రాసినారు.

వాళ్ళు చెప్పిన సృష్టికథ ఒళ్ళు జలదరించేటట్టు ఉంటుంది. అన్నిటికీ పైన మాటకు అందని వెలుగు. ఆ వెలుగులో నుంచి వచ్చిన శక్తుల్లో ఆఖరిది సోఫియా, అంటే ప్రజ్ఞాదేవి. ఆమె తన జోడు లేకుండా ఒంటరిగా కనాలనుకున్నది. పుట్టినవాడు సింహం ముఖం, పాము ఒళ్ళు. పేరు యల్దాబవోత్. తల్లి సిగ్గుపడి వాణ్ణి మేఘంలో దాచింది. వాడు పైలోకం చూడలేదు కాబట్టి, తానే దేవుణ్ణని, తనను మించి ఎవరూ లేరని గొప్పలు చెప్పుకున్నాడు. ఏడుగురు పాలకులను పెట్టుకుని ఈ లోకం కట్టినాడు. ఆ ఏడుగురూ కలిసి మనిషిని తయారుచేసినారు. ఒకడు ఎముక పెట్టినాడు, ఒకడు నరం, ఒకడు మాంసం, ఒకడు మూలుగ, ఒకడు నెత్తురు, ఒకడు చర్మం, ఒకడు వెంట్రుక. బొమ్మ తయారయింది గానీ లేచి నిలబడలేదు. నీ ఊపిరి ఊది చూడమని పైనుంచి వచ్చినవాళ్ళు యల్దాబవోత్‌కు ఉపాయం చెప్పినారు. వాడు ఊదినాడు. తల్లి దగ్గర నుంచి వాడికి వచ్చిన వెలుగంతా మనిషిలోకి పోయింది. మనిషి లేచి నిలబడినాడు, చేసినవాళ్ళకంటే మిన్నగా మెరిసినాడు. అది చూసి ఓర్వలేక వాళ్ళు అతన్ని మట్టిలోకి, మరుపులోకి తోసేసినారు.

ఎందుకు ఇంత కోపంగా లోకాన్ని చూసినారంటారా? ఆ కాలం ఎట్లాంటిదో గుర్తుపెట్టుకోవాలి. రోము చక్రవర్తుల పన్నులు, బానిసల సంతలు. దానికి తోడు, ఏడు గ్రహాలు మనిషి తలరాతను పట్టుకుని ఉన్నాయని, తప్పించుకునే దారే లేదని జనం నమ్మిన కాలం. ఆ గ్రహాలనే గ్నోస్టిక్కులు జైలు కాపలాదారులు అన్నారు. జాతకం ఒంటిని కట్టేస్తుందేమో గానీ లోపలి నిప్పురవ్వను కట్టెయ్యలేదని చెప్పినారు. బానిసకైనా, ఆడమనిషికైనా ఆ మాట ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఆలోచించండి. ఆడవాళ్ళు వాళ్ళ సభల్లో బోధిస్తున్నారని, దైవవాక్కు పలుకుతున్నారని ఎదిరిపక్షం వాళ్ళు తిట్టిపోసిన రాతలు ఇప్పటికీ ఉన్నాయి. చచ్చినాక ఆత్మ ఒక్కొక్క ఆకాశం దాటుతుంటే ఒక్కొక్క కాపలాదారు అడ్డం నిలుస్తాడని, ప్రతి ద్వారం దగ్గరా చెప్పవలసిన గుట్టుమాటలు ఉంటాయని కొన్ని గుంపులు నేర్పించేవి. తర్వాతి కాలపు మంత్రతంత్ర విద్యలకు ఈ గుట్టుమాటల నుంచి చాలా సరుకు దొరికింది.

పాపా, ఇది మన పురంజనుడి కథ మాదిరే ఉంది కదా అంటున్నావు. మంచిమాట పట్టుకున్నావు. భాగవతం నాలుగో స్కంధంలో నారదుడు ప్రాచీనబర్హి మహారాజుకు చెప్పిన కథ అది. పురంజనుడు తొమ్మిది ద్వారాల పట్టణం చూసి ముచ్చటపడి అందులో దూరతాడు, ఒకామెను పెళ్ళాడతాడు, కూడా తిరిగిన పాత స్నేహితుణ్ణి మరిచిపోతాడు. ముసలితనం వచ్చి పట్టణం కూలుతుంది. పెళ్ళాన్నే తలుచుకుంటా చచ్చి, మరుజన్మలో విదర్భ రాజు కూతురై పుడతాడు. మొగుడు చచ్చిపోతే ఆమె ఏడుస్తున్నప్పుడు ఆ స్నేహితుడే బ్రాహ్మడి రూపంలో వచ్చి, నన్ను గుర్తుపట్టినావా, మనిద్దరం మానససరస్సులో హంసలం కదా అని జ్ఞాపకం చేస్తాడు. ముత్యం పాటలో ఉత్తరం చేసిన పనే ఇక్కడ స్నేహితుడు చేసినాడు.

కానీ తేడా కూడా చూడాలి. మన కథలో పట్టణం శత్రువు కట్టింది కాదు. పురంజనుడే ఇష్టపడి లోపలికి పోయినాడు. గ్నోస్టిక్కుల కథలో ఎవరో మోసం చేసి లోపల వేసినారు. జైలు వేరేవాడు కట్టినాడనుకుంటే కోపం వస్తుంది, నేనే దూరినాననుకుంటే విచారం వస్తుంది. ఆ కోపంలో ఒక ప్రమాదం కూడా ఉంది. వాలెంటినస్ శిష్యులు మనుషుల్ని మూడు రకాలన్నారు: ఆత్మ ఉన్నవాళ్ళు, నడిమి వాళ్ళు, ఉత్త మట్టివాళ్ళు. నేను లేచినాను, వాడింకా పడుకునే ఉన్నాడు అనే గర్వం అక్కడే మొలకెత్తింది. ఆ ఒక్కటీ నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఇక ఇదే దారిలో కొత్త మతం పెట్టిన మాని సంగతి. 216లో బాబిలోనియాలో పుట్టినాడు. తెల్లబట్టలు కట్టి నీళ్ళలో మునకలు వేసే ఒక మతగుంపులో పెరిగినాడు. పన్నెండో ఏట, మళ్ళీ ఇరవై నాలుగో ఏట, తన కవలరూపం ఒకటి వెలుగులో కనిపించి పిలిచిందని చెప్పుకున్నాడు. అంగీ ఎదురొచ్చిన పాట గుర్తుందా, ఆ మాదిరి. ఓడెక్కి సింధు వైపు వచ్చినాడు. బుద్ధుణ్ణీ, జరతుష్ట్రనీ, ఏసునూ ఒకే వెలుగు పంపిన దూతలన్నాడు. బొమ్మలు బాగా వేసేవాడు. చదువురానివాళ్ళకు కూడా అర్థం కావాలని తన బోధనంతా బొమ్మల పుస్తకంగా గీసినాడు.

ఆయన లెక్కలో వెలుగు మనుషుల్లోనే కాదు, చెట్టులో, కాయలో, రాతిలో కూడా బందీ అయి ఉంది. అందుకే ఆయన సన్యాసులు కాయ కోసేవాళ్ళు కాదు, నేల దున్నేవాళ్ళు కాదు, గృహస్థులు తెచ్చి పెడితే తినేవాళ్ళు. చందమామ ఒక పడవ అంట. విడుదలైన వెలుగుముక్కలు ఎక్కుతా ఎక్కుతా పదిహేను రోజులకు పడవ నిండుతుంది, అదే పున్నమి. ఆ వెలుగును సూర్యుడికి దింపేస్తే మళ్ళీ ఖాళీ అవుతుంది, అదే అమావాస్య. పారశీక చక్రవర్తి షాపూర్ ఆయన్ను ఆదరించినాడు. తర్వాత వచ్చిన బహ్రామ్ పట్టి సంకెళ్ళు వేయించినాడు. 270ల్లో గుందేషాపూర్ జైల్లో ఆ సంకెళ్ళలోనే ప్రాణం విడిచినాడు. ఆత్మను చెర విడిపిస్తానన్నవాణ్ణి రాజు చెరలో చంపినాడు. కానీ ఆ మతం చైనా దాకా పాకింది. ఫుజియెన్ రాష్ట్రంలో మాని విగ్రహం ఉన్న గుడి ఈనాటికీ ఉంది, వెలుగుబుద్ధుడని కొలిచేవాళ్ళు ఆయన్ను.

యూరపులో గ్నోస్టిక్కులకు పట్టిన గతి చెప్పాలంటే నోరు రాదు. దాదాపు 180లో లియోన్ బిషప్పు ఐరేనియస్ గ్నోస్టిక్కుల మీద పెద్ద ఖండన రాసినాడు. తర్వాత చర్చి చేతికి అధికారం వచ్చినాక వాళ్ళ పుస్తకాలకు దిక్కులేకుండా పోయింది. వెయ్యేళ్ళు గడిచినాక దక్షిణ ఫ్రాన్సులో కతార్లని ఇట్లాంటి నమ్మకమే ఉన్నవాళ్ళు లేచినారు. 1244 మార్చి 16న మోన్సెగూర్ కొండకోట కింద రెండువందల మందికి పైగా కతార్లను సజీవంగా కాల్చినారు.

అన్నీ కాలిపోయినాయి అనుకున్నారు. కాలలేదు. 1945 డిసెంబరులో ఎగువ ఈజిప్టులో, నాగ్ హమ్మాది పట్టణం దగ్గర, జబల్ అల్ తారిఫ్ కొండ కింద, ముహమ్మద్ అలీ అనే రైతు చేలకు ఎరువుమట్టి తవ్వుతున్నాడు. ఎర్రమట్టి కూజా తగిలింది. మూత బిగించి ఉంది. లోపల జిన్ను ఉంటుందేమోనని మొదట పగలగొట్టలేదంట. తర్వాత, బంగారం ఉంటే ఎట్లా అని ఆశపుట్టి దెబ్బ వేసినాడు. బంగారం లేదు, జిన్ను లేదు. తోలు అట్టల పుస్తకాలు. ఇంటికి తెచ్చి పొయ్యి దగ్గర పడేస్తే, వాళ్ళమ్మ కొన్ని ఆకులు గడ్డితో పాటు పొయ్యిలో పెట్టిందని చెప్తారు.

మిగిలినవి చేతులు మారి మారి కైరో చేరినాయి. పదమూడు పుస్తకాలు, యాభై రెండు రచనలు, కాప్టిక్ భాషలో. యల్దాబవోత్ కథ పూర్తిగా అందులో ఉంది. తోమా పేరుతో ఒక సువార్త కూడా ఉంది. తోలు అట్టలు గట్టిగా ఉండాలని లోపల చిత్తుకాగితాలు అంటించినారు. ఆ చిత్తుకాగితాల్లో 340ల నాటి తేదీలు ఉన్న పత్రాలు దొరికినాయి. దాన్నిబట్టి ఆ పుస్తకాలు నాలుగో శతాబ్దపు నడిమి కాలంలో కట్టినవని తేలింది. దగ్గర్లోనే పకోమియస్ మఠం ఉండేది. 367లో బిషప్పు అథనాసియస్ ఫలానా పుస్తకాలే చదవాలని ఆజ్ఞ పంపినప్పుడు, కాల్చడానికి చేతులు రాని సన్యాసులు ఎవరో కూజాలో పెట్టి పాతిపెట్టినారని ఊహ. నాకు ఆ ఊహ మీద చాలా ఇష్టం. పేరు తెలియని ఆ మనిషి పదహారు వందల ఏళ్ళ తర్వాత పుట్టేవాళ్ళకు ఉత్తరం పంపినాడు. 1977లో అన్నీ కలిపి ఇంగ్లీషులో అచ్చయినాయి.

పుస్తకాలే కాదు, మనుషులు కూడా మిగిలినారు. ఇరాకు, ఇరాన్ నదుల పక్కన మాండియన్లని ఒక జాతి ఉంది. ఆ పాతకాలం నుంచి తెగకుండా వస్తున్న వాళ్ళు వీళ్ళే. తెల్లబట్టలు కట్టి, పారే నీళ్ళలోనే దీక్షాస్నానం చేస్తారు. వెండిపనిలో అందెవేసిన చేతులు. ఏడు గ్రహాలు, పన్నెండు రాశులు ఆత్మకు కాపలాదారులని వీళ్ళూ అంటారు. అయినా పెళ్ళి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, నదిని తల్లిలాగా చూసుకుంటారు. 2003 యుద్ధం తర్వాత చాలామంది ఊళ్ళు వదిలి స్వీడన్‌కు, ఆస్ట్రేలియాకు పోయినారు. ఈ లోకంలో తాము పరాయివాళ్ళమని చెప్పుకున్న జాతి నిజంగానే దేశం కాని దేశంలో నీళ్ళు వెతుక్కుంటోంది.

ఇప్పుడు మన నేల సంగతికి వస్తాను. 1875లో న్యూయార్కులో బ్లావట్‌స్కీ అమ్మ, ఆల్కాట్ దొర దివ్యజ్ఞాన సమాజం పెట్టినారు. అన్ని మతాల అడుగునా ఒకే గుప్తజ్ఞానం ఉందని వాళ్ళ నమ్మకం. గ్నోస్టిక్కులను అందులో ముందువరసలో కూర్చోబెట్టినారు. 1882 మే నెలలో, ఆ మండుటెండల్లో, ఇద్దరూ మదరాసు నుంచి బకింగ్‌హామ్ కాలువలో పడవెక్కి నెల్లూరు వచ్చినారు. అక్కడి నుంచి పెదగంజాం దాకా పడవ, ఆ తర్వాత పల్లకీల మీద గుంటూరు. తెలుగు ఊళ్ళలో వకీళ్ళు, గుమాస్తాలు, పంతుళ్ళు సభ్యులైనారు. ఆ ఏడాది ఆఖరులోనే మదరాసు పక్కన అడయారు వాళ్ళ ఇల్లయింది. బ్లావట్‌స్కీ దగ్గర మీడ్ అనే చదువరి కార్యదర్శిగా ఉండేవాడు. ‘పిస్టిస్ సోఫియా’ అనే గ్నోస్టిక్ గ్రంథాన్ని 1896లో ఆయన ఇంగ్లీషులో తెచ్చినాడు. కూజా బయటపడడానికి యాభై ఏళ్ళ ముందు సంగతి ఇది. నేను లైబ్రరీలో మొదట తెరిచింది మీడ్ రాసిన పుస్తకమే.

మన మదనపల్లెలో రెవెన్యూ ఉద్యోగి జిడ్డు నారాయణయ్య కూడా ఆ సమాజం సభ్యుడే. ఆయన ఎనిమిదో బిడ్డ కృష్ణమూర్తి ఈ ఊళ్ళోనే 1895లో పుట్టినాడు. 1909లో తండ్రి పిల్లల్ని తీసుకుని అడయారు చేరినాడు. బళ్ళో మందమతి అనిపించుకున్న ఆ పిల్లోణ్ణి సముద్రం ఒడ్డున చూసి, సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్, జగద్గురువు దిగిరావలసిన శరీరం ఇదేనన్నాడు. సమాజానికి అధ్యక్షురాలైన అనిబిసెంటు తల్లిలాగా పెంచింది. 1911లో వాడి పేరు మీద ‘తూర్పు నక్షత్ర సంఘం’ పెట్టినారు. దేశదేశాల జనం చేరినారు. నిద్రలో ఉన్న లోకాన్ని మేలుకొలిపేవాడు వచ్చేస్తున్నాడని కాచుకున్నారు.

తమ్ముడు నిత్యానందకు క్షయ. సమాజం వాళ్ళు కొలిచే అదృశ్య గురువులు, ఆ మహాత్ములు, కాపాడతారని కృష్ణమూర్తి గట్టిగా నమ్మినాడు. 1925 నవంబరులో ఇండియాకు వస్తుంటే, ఓడ సూయజ్ కాలువలోకి దిగే రాత్రి, తమ్ముడు కాలిఫోర్నియాలో చనిపోయినాడని తంతి అందింది. ఈజిప్టు నేల అంచున అందిన వార్త చూడండి. గుండె పగిలేటట్టు ఏడ్చినాడు. ఆ దుఃఖంలో నుంచి బయటికి వచ్చినవాడు వేరే మనిషి. 1929 ఆగస్టు 3న హాలెండులో, ఓమెన్ శిబిరంలో, అనిబిసెంటు ఎదురుగానే, మూడువేల మందికి పైగా కూర్చున్న సభలో, తన పేరు మీద నడుస్తున్న సంఘాన్ని తానే రద్దు చేసినాడు. ఇచ్చిన కోట, ఎస్టేటు ఎవరిది వాళ్ళకు తిరిగిచ్చేసినాడు. నాకు శిష్యులు వద్దు, సత్యాన్ని సంఘం కట్టి పంచలేరు, మనిషి అన్ని బోనుల నుంచి బయటపడడమే నాకు కావాలి అనేది ఆయన మాటల సారం. కొత్త బోను కట్టి దానికి తన పేరు పెడతామంటే ఒప్పుకోలేదు.

పెద్దోడా, ఇన్ని చదివినాక నాకు తేలింది ఇదీ. ఈ లోకం చెరసాల అని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. తలుపు తెరిచే మంత్రం నా దగ్గరే ఉంది, నా కాళ్ళ మీద పడు, ఇంత కట్టు, బయట ఎవరికీ చెప్పొద్దు అనేవాడు కూడా ఒకడొస్తాడు. వాడు ఎనిమిదో కాపలాదారు. పాటలో ఉత్తరం ఏం చేసింది? లేపింది, దారి చూపింది. నన్ను కొలువమనలేదు, కట్నం అడగలేదు. దానిలో రాసింది పిల్లోడి గుండెలో ముందే ఉంది. అదీ కొలత. ఎవరైనా నీకు పెద్ద మాట చెప్తే, అది నీ లోపల ఉన్నదాన్ని లేపుతోందా, నిన్ను వాళ్ళకు కట్టేస్తోందా అని చూసుకో. తెల్లవారుజామున అమ్మ ఎంతసేపు పిలిచినా పక్క దిగవలసింది నువ్వే కదా.

ఇంకొకటి. లేచినవాడు లోకాన్ని అసహ్యించుకుంటే వాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడని నా నమ్మకం. తోమా కథలో చివర ఏముందో చెప్పలేదు మీకు. ఒకరాత్రి జైలు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆయన బయటికి పోతాడు. తనను నమ్మినవాళ్ళకు దీక్ష ఇస్తాడు, కలిసి రొట్టె విరిచి తింటాడు. అంతా అయినాక పారిపోడు. తన కాళ్ళతో తాను నడుచుకుంటా మళ్ళీ జైలుకే వస్తాడు. విడుదల అయినవాడికి గోడలంటే భయం పోతుంది. వాడు ఎక్కడ కూచున్నా పక్కన ఉన్న ఖైదీకి పాట వినిపించగలడు. మీరు చదువుకోండి, ఉద్యోగాలకు పొండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, బట్టా కూడూ సంపాదించుకోండి. ఎందుకు వచ్చినామనేది మాత్రం వాటి కింద పడి నలిగిపోనివ్వకండి. ఎవరికైనా అది ముందు గుర్తొస్తే మిగతావాళ్ళకు చెప్పండి.